జలపాతము కట్టిన మెట్లు

ప్రవహించు నీరు రాతిని అరగదీయుననుట ఏటియొడ్డున గులకరాళ్ళు ఏరుకొన్న బాలునికైనను తెలిసిన సంగతియే. ఉత్తర అమెరికాలోని నయాగరా జలపాతము తాను దూకు శిలావేదికను తానే కోసికొనుచు, సుమారు 12,000 ఏండ్లలో 11 కిలోమీటర్ల మేర వెనుకకు జరిగినదని భూవిజ్ఞానులు నిర్ణయించియున్నారు. అయితే కరిబియన్ సముద్రమధ్యమందలి జమైకా ద్వీపమున, ఓచో రియోస్ పట్టణమునకు కొలదిదూరములో పడమట, సముద్రములోనికి దిగు డన్స్ రివర్ జలపాతము ఈ లోకానుభవమునకు ఎదురు తిరిగినట్లు కనిపించును. దాని మొత్తపు ఎత్తు సుమారు 55 మీటర్లు. కాని ఆ ఎత్తునుండి నీరు ఒక్కుమ్మడిగా పడదు. రమారమి 180 మీటర్ల పొడవున, గుండ్రని అంచులుగల రాతిమెట్లమీదుగా జారుచు, నడుమ నడుమ మోకాటిలోతు మడుగులను నడుములోతు మడుగులను నింపుచు, తుదకు ఇసుకతీరమున ఉప్పునీటిలో కలియును. యాత్రికులు పైనుండి దిగరు. సముద్రపుటొడ్డున మొదలిడి, ఒకరిచేయి ఒకరు పట్టుకొని గొలుసుగా ఏర్పడి, ధారకు ఎదురుగా పైకెక్కుదురు. ఆ మెట్లను ఏ శిల్పియు చెక్కలేదు. ఆ రాతిని అచ్చట నిలిపినది, నేటికిని పొరపొరగా పెంచుచున్నది ఆ నీరే.

ఉదయము రబ్బరు ట్యూబుపై ఏటిలో తేలి, అటుపిమ్మట జలపాతమెక్కి, చీకటిపడకుండ బసకు చేరుకొనవలెనని అచ్చటికి పోవు యాత్రికునికి ప్రయాణపుస్తకములు ప్రవేశరుసుమును, భోజనశాలలను, మోటారుకారు వెలను చెప్పును. ఆ నీరెక్కడిది, ఏ వేళకు దాని స్వభావము మారును అను ప్రశ్నలను అవి తలపెట్టుట అరుదు. నేనెరిగినంతలో ఒక్కనాటి నీటివిహారమునకు వేళలు నిర్ణయించుటకు అంతకంటె పనికివచ్చు ప్రశ్నలు లేవు.

వానచుక్క పాతాళయాత్ర

జమైకా మనకు క్రికెట్టు వార్తల మూలమున పేరెరిగిన దేశమే గాని, అది మన అరకులోయ ఉన్న అక్షాంశముననే, భూగోళమునకు దాదాపు ఆవలివైపున ఉన్నదని తలచువారు తక్కువ. భూమధ్యరేఖనుండి ఓచో రియోస్‌కును అరకునకును దూరము రమారమి సమానము. రెండుచోట్లను సూర్యుడు ఏట రెండుమారులు నడినెత్తికి వచ్చును. ఆ ద్వీపపు నేలలో మూడింట రెండు వంతులు సున్నపురాయి. కోట్ల సంవత్సరముల క్రిందట ఆ భూభాగము సముద్రగర్భమున మునిగియున్నప్పుడు పగడపు పురుగులును, గవ్వలును, కంటికానని సూక్ష్మప్రాణులును విడిచిన చిప్పలు పేరుకొని, బిగిసి, రాయియై, పిమ్మట భూమి కదలికలచే పైకి లేచినవి.

ఆ నేలపై పడు వానచుక్క మేఘమునుండి దిగుచున్నప్పుడే గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత తనలో కలుపుకొనును. కాని దానికి అసలైన పులుపు అబ్బునది అడవిమట్టిలో. వేళ్ళు ఊపిరి విడుచుటచేతను, రాలిన ఆకులను సూక్ష్మజీవులు కుళ్ళజేయుటచేతను, మట్టికణముల సందులలోని గాలియందు ఈ వాయువు బయటిగాలిలోకంటె పదులరెట్లు అధికముగా చేరియుండును. ఉష్ణమండలమున వేడిమియు తేమయు ఏడాది పొడుగున ఎడబాయక ఉండుటవలన ఈ వ్యాపారమునకు విరామము లేదు. ఆ గాలిని పీల్చిన నీరు మిక్కిలి పలుచని ఆమ్లమగును. ఆ పులుపు మన నాలుకకు తెలియదు, సున్నపురాతికి తెలియును.

సున్నపురాతిలోని కాల్షియం కార్బొనేటు శుద్ధజలమున ఇంచుమించు కరగనిది. పులిసిన నీరు తగిలినప్పుడు అది బైకార్బొనేటుగా మారి ఆనవాలు లేక కరగిపోవును. నీరు చీలికలవెంట దిగుచు, ఆ చీలికలనే వెడల్పుచేయుచు, సొరంగములను గుహలను తొలుచుకొని పోవును. ద్వీపపు పడమటిభాగమునగల కాక్‌పిట్ కంట్రీ అను సీమ ఇట్లు తొలువబడి గుంటలు గుట్టలుగా మారినదే. అచ్చట వానలకు కొరత లేకున్నను పైన పారు ఏరులు అరుదు, ఏలయనగా నీరు నేలక్రిందనే ప్రయాణముచేయును. ఆ నీరు ఎచ్చటనో కొండపాదమున ఊటగా తిరిగి వెలికివచ్చునప్పుడు తేటగాను చల్లగాను ఉండును. పగటియెండ చొరని రాతికి ఎంత వేడిమి ఉండునో, అంతయే దానికిని ఉండును. చేత ముంచి చూచినచో అందులో ఏమియు కానరాదు. కాని అది తాను తొలిచిన కొండలో కొంతభాగమును మోసికొని వచ్చుచున్నది.

గోలీసోడాలోని సంగతి

గోలీసోడా సీసాలో గోలీని లోపలికి నొక్కగానే వాయువు బుస్సుమని ఎగయునుగదా. అంతవరకును దానిని నీటిలో అణచియుంచినది లోపలి ఒత్తిడి. ఆ ఒత్తిడి తీరినంతనే అది బయటిగాలికి పరుగిడును. ఊటనీటి గతియు అట్టిదే. మట్టిలోను గుహలలోను దట్టముగానున్న వాయువును నింపుకొని వచ్చిన నీరు, ఆ వాయువు పలుచగానున్న బయలుగాలిని సోకినంతనే తనలోని అధికభాగమును విడువజొచ్చును. నిండుగా నిదానముగా పారుచోట మెల్లగా విడుచును. రాతిమీద పలుచని పొరగా పరచుకొని, చిమ్మి, తుంపరలై, నురుగై పడుచోట వేగముగా విడుచును. సోడాసీసాను కుదిపి గోలీని నొక్కినచో ఏమగునో బాలురకు వేరుగ చెప్పనక్కరలేదు.

వాయువు పోయినకొలది నీటికి పులుపు తగ్గును. పులుపు తగ్గినకొలది సున్నపురాతిని కరగించి నిలుపుకొను శక్తియు తగ్గును. అప్పుడు ఆ కాల్షియం కార్బొనేటు మరల ఘనరూపము తాల్చి, నాచుపోగైనను, రాలిన ఆకైనను, మునిగిన పుల్లయైనను, తనకు దొరకిన ఆధారముపై పొరగా కట్టును. ఇట్లు పుట్టిన రాతిని ట్రావర్టీను అందురు. ఎండ సోకుచోట నీటిలోని శైవలములు తమ ఆహారమునకై బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని ఈ పనికి తాము కూడ తోడ్పడును. రాతిలో చిక్కిన నాచు కొంతకాలమునకు కుళ్ళిపోగా దాని ఆకారమున రంధ్రము మిగులును. అందువలననే ఈ రాతిని కోసిచూచినచో తూట్లు తూట్లుగా నుండును.

ఇంతవరకు రాయి పుట్టుట తెలిసినది. మరి మెట్లు ఏల? ఏటియడుగున ఒక కొమ్మ అడ్డముగా పడినదనుకొందము. దానిమీద నీరు పలుచబడి వడిగా పోవును. వడిగా పోవుచోట వాయువు అధికముగా వెడలును. వాయువు వెడలినచోట రాయి అధికముగా కట్టును. రాయి కట్టినకొలది ఆ మిట్ట ఎత్తగును. ఎత్తైనకొలది నీరు మరింత పలుచబడును. ఫలమే మరల హేతువగు ఈ వలయమువలన కొమ్మ గట్టగును, గట్టువెనుక నీరు నిలిచి మడుగగును. నాకు అన్నిటికంటె వింతగా తోచునది మరియొకటి కలదు. గట్టు అంచున ఎచ్చటనైన పల్లమున్నచో నీరు అచ్చటికే చేరి, అచ్చటనే రాతిని వేసి, ఆ లోటును పూడ్చును. కావున తాపీమేస్త్రి మట్టపుబద్ద పెట్టి చూచుకొన్నట్లు ఆ అంచులు అడ్డముగా సమమై నిలుచును. లావోస్‌లోని క్వాంగ్ సీ జలపాతము, గ్వాటెమాలాలోని సెముక్ చాంపే మడుగులు, క్రొయేషియాలోని ప్లిట్విట్సే సరస్సులు, అన్నియు ఈ విధముననే పుట్టినవి.

జలపాతమెక్కువానికి దీనివలన తెలియవలసినది ఒకటి కలదు. క్రొత్తగా కట్టిన ట్రావర్టీను గరుకు. అది పాదమును పట్టియుంచును. ధార మెల్లనై, ఎండ తగిలి, జిగురు శైవలము పెరిగిన చోటులు జారును. తెల్లని నురుగు పారుచోటనే అడుగిడి, పచ్చగా నిగనిగలాడు చోటును తప్పించుకొనవలెను. అభ్యాసములేని కన్ను దీనికి సరిగా విరుద్ధముగా తలచును.

▪ బొర్రా గుహలలోను ఇదే పని

మన అనంతగిరి కొండలలో గోస్తనీనది పారుచున్నచోట నున్న బొర్రా గుహలను చూచినవారు ఈ రసాయన వ్యాపారమును తెలియకయే చూచియున్నారు. అచ్చటను అడవిమట్టిలో పులిసిన వాననీరు సున్నపురాతిని కరగించుకొని గుహ పైకప్పునకు దిగును. బొట్టుగా వ్రేలాడుచున్నంతసేపు గుహలోని గాలికి వాయువును కొంత విడిచి, రవ్వంత రాతిని పైకప్పుననే అంటించి, మిగిలినదానితో నేలపై పడి అచ్చట మరికొంత వేయును. పైనుండి వ్రేలాడు స్తంభములును, క్రిందినుండి లేచు స్తంభములును ఇట్లేర్పడినవే. గుహలో గాలి కదలదు, నీరు చిమ్మదు. కావున పని బహుమందము. డన్స్ రివర్‌లో అదే పని గలగలలాడు ధారలో, పట్టపగలు, ఏటికి అడ్డముగా జరుగుచున్నది.

నిర్మలాకాశము క్రింద పొంగు ఏరు

ట్యూబులపై తేలుటకు పేరుపొందిన వైట్ రివర్ ఓచో రియోస్‌కు తూర్పున, సెయింట్ ఆన్, సెయింట్ మేరీ అను రెండు మండలములకు సరిహద్దుగా పారును. అది లోపలి కొండలలో పుట్టి సముద్రమునకు దిగు నది. దానిపై పోవువారు తమ తలపైనున్న ఆకాశమును చూచి ధైర్యము తెచ్చుకొందురు. చూడవలసిన ఆకాశము అది కాదు.

ద్వీపపు వాతావరణము ప్రతిదినము ఒక క్రమమున నడచును. ప్రొద్దెక్కినకొలది నేల సముద్రముకంటె వేగముగా వేడెక్కును. వేడెక్కిన నేలపై గాలి తేలికయై పైకి లేవగా, ఆ ఖాళీని నింపుటకు సముద్రమునుండి తేమగాలి లోపలికి వీచును. దీనికితోడు ఈశాన్యమునుండి వ్యాపారపవనములు ఏడాది పొడుగున ఆ కొండలకు తేమను మోయుచుండును. కొండవాలును ఎక్కిన గాలి ఎత్తున చల్లబడి, తన తేమను మోయలేక మేఘమగును. తొమ్మిదిగంటలకు దూదిపింజవలె నున్న తెల్లమబ్బు మధ్యాహ్నమునకు గోపురమై, రెండు మూడు గంటలకు కొండలపై కుండపోతగా కురియుట సామాన్యము. అప్పుడు తీరమున ఎండ కాయుచుండవచ్చును. ఆ వాననీరు కొంత వ్యవధికి లోయవెంట దిగి, ఎండలో నవ్వుకొనుచు తేలుచున్నవారి వెనుకనుండి వచ్చును.

సున్నపునేల ఇక్కడ కొంత మేలు, కొంత కీడు చేయును. చిన్న జల్లును అది చీలికలలోనికి పీల్చుకొని నిదానముగా ఊటలకు అందించును గనుక అట్టి ఏరులు మామూలు దినములలో సమముగా పారును. కాని పెద్దవాన వరుసగా కురిసి నేలక్రింది సొరంగములు నిండినపిమ్మట ఇక పీల్చుకొను చోటుండదు. పైనీరును లోనీరును ఒక్కసారి వెలికివచ్చును. తేటనీరు మసకబారుట, ఆకులు పుల్లలు గుంపులుగా కొట్టుకొనివచ్చుట, ఒడ్డున చూచిన రాయి మునుగుట, ఏటిచప్పుడు బరువెక్కుట: వీనిలో ఏ ఒక్కటి కనబడినను మరి నాలుగు ఫోటోలకై ఆగక గట్టెక్కవలెను.

ఋతువు విషయమున మన లెక్క అచ్చట చెల్లదు. అక్షాంశమొక్కటే యైనను మన ఋతుపవనము ఆ దీవికి లేదు. అచ్చట వానకు మే నెలలో ఒక ఉచ్చదశ, అక్టోబరులో మరియొకటి. మనకు ముసురు పట్టు జూలైలో అచ్చట నడుమ కొంత తెరపి. డిసెంబరునుండి మార్చివరకు పొడికాలము, నీరు తేటగా నుండు కాలము. జూను 1 నుండి నవంబరు 30 వరకు తుపానుల కాలమని లెక్క. 1988 సెప్టెంబరు 12న గిల్బర్ట్ తుపాను ద్వీపమును ఈ కొననుండి ఆ కొనవరకు తొక్కుకొనిపోయినది. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబములు పిల్లల వేసవిసెలవులలో పోదలచినచో, జూలై చెడ్డనెల కాదు గాని తుపానువార్తలను వినకుండ బయలుదేరరాదు.

ట్యూబుపై కూర్చున్నవాని గతి

మన పల్లెలలో దిగుడుబావిలో ఈత నేర్చు పిల్లలు ఎండు సొరబుర్రలను నడుమునకు కట్టుకొనెడివారు. లారీలు వచ్చినపిమ్మట గాలినింపిన లారీట్యూబు ఆ స్థానమును ఆక్రమించినది. వైట్ రివర్‌పై విహారమునకు ఇచ్చునదియు ఆ జాతిదే. పట్టుకొనుటకు పిడులు అదనము. అది మునుగదు, బోల్తాపడుట అరుదు. దాని లోపమొక్కటే: దానికి చుక్కాని లేదు. నీరు తీసికొనిపోయినచోటికి అది పోవును గనుక, నీరు ఎచ్చటికి పోవునో తెలిసికొనుటయే దానిని నడుపుట.

ఏటిలో నీరంతయు ఒకే వేగమున పారదు. ఒడ్డును అడుగును ఒరసికొనుచోట మందముగాను, నడుమ పైభాగమున వడిగాను ఉండును. వంపు వచ్చినప్పుడు ఆ వడిగల పాయ బయటి ఒడ్డువైపునకు జరుగును. అది బయటి ఒడ్డును క్రిందినుండి కోయును. కోసిన ఒడ్డుమీది చెట్లు ఏటిలోనికి ఒరిగిపడును. అనగా, వేగము అధికముగా నుండుచోటును, కొమ్మలు అడ్డముగా నుండుచోటును ఒక్కటే. కొమ్మలసందులనుండి నీరు పోవును, మనిషి పోడు. వెనుకనుండి వచ్చు నీరు అతనిని ఆ కొమ్మలకే అదిమిపెట్టును. అందుచేత వంపు కనబడగానే, ఇంకను దూరమున్నప్పుడే, చేతులతో తెడ్డువేసి లోపలిఒడ్డు వైపునకు తొలగవలెను. వంపులో చేరినపిమ్మట వేసిన తెడ్డు వ్యర్థము, ఏలయనగా నీటి వేగము రెట్టింపైనచో అది త్రోయు బలము నాలుగురెట్లగును.

ట్యూబునుండి జారిపడినవాడు నిలువబడ ప్రయత్నించుట సహజము, అదియే ప్రమాదము. వడిగల నీటిలో ఒక పాదము రాళ్ళసందున చిక్కినచో ప్రవాహము శరీరమును ముందునకు వంచి ముంచును. మోకాటిలోతుకు మించిన నీరు దీనికి చాలును. వెల్లకిల తేలుచు, పాదములను ముందునకు చాచి నీటిపైకి ఎత్తిపట్టి, నెమ్మదిపారు చోటు వచ్చువరకు పోనీయవలెను.

▪ నురుగునీటిలో తేలుట

ఈతగాడు సైతము జలపాతపు పాదమున తడబడుటకు కారణము కలదు. మనలను తేల్చునది మనము తొలగించిన నీటిబరువు. పైనుండి పడు ధార గాలిని తనతో లాగికొనివచ్చి నీటిని బుడగలతో నింపును. బుడగలు నిండిన నీరు తేలిక, తేలికనీరు మనలను తక్కువగా తేల్చును. చేతులకును అందులో పట్టు దొరకదు. దీనికితోడు, పడిన నీరు అడుగునకు పోయి, పైకి లేచి, కొంతభాగము మరల ధారవైపునకే తిరుగును. అందు చిక్కినవానిని ఆ సుడి మరల మరల ధారక్రిందికే చేర్చును. లైఫ్ జాకెట్ ఈతరానివారి వస్తువని తలచువారు ఇది గమనింపవలెను.

ఏది ముందు, ఏది వెనుక

పర్యాటకుల ఓడలు రేవునకు వచ్చిన దినములలో జలపాతమువద్ద జనము క్రిక్కిరియును గనుక ఉదయముననే జలపాతమెక్కి, మధ్యాహ్నము ఏటికి పోవుట తెలివియని పలువురు చెప్పుదురు. జనమునకు సంబంధించినంతవరకు అది నిజమే. నాకు మాత్రము ఆ క్రమము నచ్చదు. జలపాతమెక్కువాడు నడుమ ఇష్టమైనచోట ప్రక్కకు తొలగి మెట్లదారిని పట్టవచ్చును; ట్యూబుపై బయలుదేరినవాడు దిగవలసిన రేవు వచ్చువరకు ఏటికి అధీనుడు. నడుమ విడువరాని పనిని వాన రాని వేళకు, విడువదగిన పనిని వాన రాదగిన వేళకు పెట్టుటయే మేలు. కావున ఎనిమిది, తొమ్మిది గంటలకు వైట్ రివర్, పదకొండున్నరకు గట్టు, భోజనము, పిమ్మట జలపాతము. జనసమ్మర్దమును సహింపవచ్చును.

వెంట తీసికొనవలసినవి స్వల్పము. పట్టుగల రబ్బరు అడుగున్న, నీటిలో ఊడని బూట్లు, పొడుగుచేతుల పలుచని చొక్కా, త్రాగునీరు. ఊటనీరు తేటగానున్నదని దోసిట పట్టి త్రాగరాదు. సున్నపురాతి సొరంగములు నీటిని వడకట్టవు. పైన గుంటలో పడిన పశువుల మురికిని అవి అట్లే క్రిందికి చేర్చును. లెప్టోస్పైరోసిస్ అను వ్యాధి ఎలుకలు మొదలగు జంతువుల మూత్రముచే చెడిన నీటినుండి చర్మముపైనున్న గాయముద్వారా సోకును, వరదల పిమ్మట హెచ్చును. కాలికి పుండున్నవారు ఆనాటికి ఒడ్డుననే ఉండుట మంచిది.

నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా శరీరపు వేడిమిని లాగికొనును. ఎండలో చెమటపట్టినవాడు సైతము గంటసేపు ఊటనీటిలో ఉన్నపిమ్మట వణకుట ఇందుచేతనే. పిల్లలు ముందుగా వణకుదురు. అదే చల్లదనము ఎండదెబ్బను తెలియనీయదు, కందిన భుజములు సాయంకాలమునకు గాని మంటపెట్టవు. చొక్కా నేను మొదట చెప్పినది అందుకే. చర్మమునకు పూయు లేపనములలోని కొన్ని రసాయనములు నీటిలో కలిసి పగడములకు హానిచేయునను భయముచేత హవాయి రాష్ట్రము అట్టివాని అమ్మకమును 2021 నుండి నిషేధించినది, డన్స్ రివర్ నీరును తిన్నగా సముద్రముననే పడును.

ఉష్ణమండలమున సూర్యుడు ఇంచుమించు నిట్టనిలువుగా క్రుంకును గనుక సందెవెలుగు కొద్దిసేపే. డిసెంబరులో అయిదున్నర దాటగనే ప్రొద్దుగూకును. జూనులోనైనను ఏడుగంటలకు ముందే. నాలుగుగంటలకు తడిబట్టలు మార్చుకొని బయలుదేరుట ఉచితము.

ట్యూబులను నడిపించు స్థానికులను బయలుదేరుటకు ముందే రెండు ప్రశ్నలు అడుగవలెను: నిన్న రాత్రి పైకొండలలో వాన పడినదా, నేటి నీటిమట్టము నిన్నటికంటె ఎంత హెచ్చు? ప్రతిదినము ఆ ఏటిలో బ్రతుకువానికి ఈ రెండును నోటనే యుండును. తడుముకొనువాడు దొరకినచో, రుసుము చెల్లింపక మరియొకనిని వెదకుకొనవచ్చును. ఆ లోయలో ట్యూబులకు కొరత లేదు.